మెట్ల కింది దరువు

ఆ ఇంట్లో ఒక రాత్రి పడుకున్న బయటివాళ్ళెవరూ రెండో రాత్రికి ఉండలేదు.

చూడ్డానికి భయపడాల్సిన ఇల్లేం కాదు. వీధి మలుపులో ఉంటుంది. ముందు చిన్న వసారా, లోపల పెద్ద హాలు, హాల్లోంచి మేడ మీదికి చెక్క మెట్లు. అసలు సంగతంతా ఆ మెట్ల కిందే ఉంది— ఒక చిన్న గది. గది అనడం కూడా ఎక్కువే. నిలబడితే నెత్తికి మెట్టు తగులుతుంది, కాళ్ళు చాపితే గోడ తగులుతుంది. కిటికీ లేదు. తలుపు మాత్రం నిండు చెక్క. గడియ బయటివైపు.

గోడలకి రంగు వేయడానికొచ్చిన ఇద్దరు పనివాళ్ళు ఓసారి పొద్దుపోయిందని హాల్లోనే నడుం వాల్చారట. అందరూ పడుకున్నాక... టక్. కాసేపాగి— టక్ టక్. ఎలుకలేమో అనుకున్నారు ముందు. ఎలుకలైతే తాళం తప్పకుండా కొట్టవు కదా! పెద్దవాడు లేచి చెవి ఆ తలుపుకి ఆనించాడు. ఆనించినవాడు అలాగే కొయ్యబారిపోయి, కాసేపటికి ఒక్క గెంతులో వీధిలో పడ్డాడు. వెనకే రెండోవాడు. బ్రష్షులూ డబ్బాలూ ఇప్పటికీ ఆ వసారాలోనే ఉన్నాయంటారు.

మేడ మీద అద్దెకి దిగిన కొత్తజంట సామాన్లు పూర్తిగా విప్పకుండానే మళ్ళీ కట్టుకున్నారు. "ఇల్లు బాగానే ఉందండీ, గాలి సరిగ్గా రావట్లేదు," అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు వాళ్ళ ముఖాల్లో నెత్తుటి చుక్క లేదు.

విచిత్రమేమిటంటే, ఆ చప్పుడు ఎవరికీ కొత్త కాదు. రేడియోలో, టీ కొట్లో, బస్సులో— చిన్నప్పటినుంచీ అందరూ విన్నదే. ఆ ఇంట్లో ఒకప్పుడు ఒక పాటాయన ఉండేవాడు. ఆయన రికార్డులో వచ్చే దరువు అది. అచ్చం అదే.

దాంతో జనం తేల్చేశారు. పాటాయన పోయినా పాటని వదల్లేదు, దెయ్యమై తాళం వేసుకుంటున్నాడని.

ఆ చప్పుడు వినపడనిది ఒక్కరికే. పాటాయన కూతురికి.

ఆమె ఆ ఇంట్లోనే ఉంటుంది, ఒక్కతే. "భయం వెయ్యదా అమ్మా?" అని ఎవరైనా అడిగితే నవ్వేది. "దెయ్యమైనా మా నాన్నే కదండీ. వస్తే టీ పెట్టిస్తా," అనేది. రాత్రుళ్ళు కావాలని మెలకువగా ఉండి చెవులు రిక్కించేది కూడా. ఏమీ వినపడేది కాదు. ఊళ్ళోవాళ్ళందరికీ వినిపించే నాన్న తనకెందుకు వినిపించడని, లోలోపల చిన్నబుచ్చుకునేది.

ఆ రికార్డు సంగతి చెప్పాలి.

దాని పేరు 'తలుపేసి వెళ్ళింది'. పొలం పనుల్లో పాడుకునే బాణీలకి కరెంటు గిటారు తగిలించి, తన ఇంటి హాల్లో తనొక్కడే కూర్చుని పాడుకున్నాడు పాటాయన. భార్య వదిలేసి పోయిందట. ఆ గుండెకోతంతా అందులో పోశాడు. గొంతు బొంగురుపోయిన చోట దిద్దలేదు. తీగ జారిన చోట మళ్ళీ వాయించలేదు. ఒక మనిషి మన పక్కనే కూర్చుని, మనకి చెప్పకూడదనుకుంటూనే చెప్పేస్తున్నట్టు ఉంటుంది. ప్రేమ చెడిన ప్రతివాడూ ఆ రికార్డు కొన్నాడు. చెడనివాడు కూడా కొని, ఒకసారి చెడితే బాగుండుననుకున్నాడు.

అందులో మధ్యలో వచ్చే పాట ఎవరినడిగినా పాడతారు—

తలుపేసి వెళ్ళినదానా...
తాళం ఇంటికా, నాకా?

దరువు ఆ పాటలోదే. టక్... టక్ టక్. డప్పు కాదు, డోలు కాదు, ఏ వాయిద్యమో ఎవరికీ అంతుపట్టలేదు. "ఆ దరువు ఎవరు వేశారండీ?" అని ఒక పత్రికాయన అడిగితే పాటాయన కళ్ళు తుడుచుకుని, "నా గుండె వేసింది," అన్నాడు. ఆ ఒక్క మాటకి పాటతో సమానంగా పేరొచ్చింది.

కూతురు ఆ రికార్డుతోనే పెరిగింది. తల్లి వెళ్ళిపోయేటప్పటికి ఆమెది ఇంకా బడికి పోని వయసు. ఆ రోజుల్లో తను అత్త దగ్గరుందనీ, అప్పుడే తల్లి వెళ్ళిపోయిందనీ నాన్న చెప్పాడు. బళ్ళో వేశాక, ఆమె నడిచి వస్తుంటే పిల్లలంతా కూడబలుక్కుని అందుకునేవాళ్ళు— "తలుపేసి వెళ్ళినదానా..." అని. టీచర్లు తల తిప్పుకుని నవ్వేవాళ్ళు. ఆ నవ్వులన్నిటికీ ఆమె తల్లినే తిట్టుకుంది. ఇంట్లో మిగిలిన ఒక్క ఫొటోలోంచి తల్లి ముఖాన్ని కత్తెరతో గుండ్రంగా తీసేసింది. పెద్దయ్యాక పెళ్ళి మాటెత్తితే, "వద్దులెండి, తలుపేసి వెళ్ళే రక్తం నాది," అనేది.

ఆమె పని కళ్ళజోళ్ళ షాపులో. వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీస్తుంది. వెంట్రుకవాసి తేడా ఉన్నా వేలి కొసతో కనిపెడుతుంది. సాయంత్రం ఇంటికొచ్చి, చేతులకంటిన అద్దాల పొడి కడుక్కుని, దీపం వెయ్యకుండానే రికార్డు పెట్టుకునేది. నాన్న ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో ఆమెకి తెలుసు. ఆయన తీసుకున్నప్పుడు తనూ తీసుకునేది.

పాటాయన పోయిన రోజు గుమ్మంలోకి ఒక పెద్దావిడ వచ్చింది. తల్లికి చెల్లెలు, ఈమెకి పిన్ని. శవం వంక చూడలేదు, ఏడవలేదు.

"మా అక్క ఎక్కడే?" అని అడిగింది.

"నాకేం తెలుసు? వెళ్ళిపోయింది కదా."

"ఎక్కడికి వెళ్తుందే? ఉబ్బసం మనిషి. వీధి చివరిదాకా నడవాలన్నా మధ్యలో కూర్చుని లేచేది. మందు సీసా కూడా తీసుకోకుండా, పసిదాన్ని నిన్ను వదిలేసి..."

"వెళ్ళింది. పాటలో ఉంది."

పిన్ని ఆమె వంక అదోలా చూసింది. "పాటలో ఉంటే నిజమేనా తల్లీ?"

నాన్న పోయిన రోజున నాన్ననే అబద్ధాలకోరు అంటుందా! ఆమె పిన్ని ముఖాన్నే తలుపు వేసేసింది. బయట చాలాసేపు పిలిచింది పిన్ని. ఈమె తియ్యలేదు.

*

కొన్నాళ్ళకి కంపెనీవాళ్ళకి ఆ రికార్డుని శుభ్రం చేసి మళ్ళీ విడుదల చెయ్యాలని బుద్ధి పుట్టింది. అసలు టేపులు ఇంటి అటక మీదే ఉన్నాయి. అవి తిరిగే మెషీను హాల్లో మూలన ఉంది, కదిపితే ఊడిపోయేటట్టు. అందుకని మనిషినే పంపించారు.

ఆ మనిషిని ఆ పనిలో ఉన్నవాళ్ళంతా చెవులాయన అంటారు. టేపు మీద ఈగ వాలితే ఏ కాలు ముందు పెట్టిందో చెప్పగలడని పేరు.

వస్తూనే గొంతు తగ్గించేశాడు. "ఇక్కడేనా అండీ కూర్చుని పాడింది?"

"ఆ కుర్చీలోనే."

అతను ఆ కుర్చీలో కూర్చోలేదు. దాని చేతిని మెల్లగా తడిమి వదిలేశాడు. "మా ఆవిడ వెళ్ళిపోయినప్పుడు ఈ రికార్డే నన్ను బతికించిందండీ. తప్పు నాదా ఆమెదా అని తల బద్దలు కొట్టుకునేవాణ్ణి. ఈ పాటలు విన్నాక అర్థమైంది, తప్పు నాది కాదని."

ఇలాంటి మాటలు చెప్పేవాళ్ళంటే ఆమెకి ప్రాణం. మంచి టీ పెట్టిచ్చింది.

మెషీను బాగుపడేసరికి బాగా చీకటి పడింది. చక్రాలు కిర్రుమని తిరగడం మొదలుపెట్టాయి. టేపులో ఉన్నదంతా తన కంప్యూటర్లోకి ఎక్కించుకుంటూ, చెవులాయన ఆమెకి చెప్పాడు.

"రికార్డులో అన్నీ కలిసిపోయి ఉంటాయండీ. టేపులో దేని దారి దానిదే. గొంతు ఒకవైపు, గిటారు ఒకవైపు. కావలసినది పెంచుకోవచ్చు, అక్కర్లేనిది తగ్గించుకోవచ్చు."

"మరి దరువు?"

"అదే నాకు అర్థం కావట్లేదు. దరువుకి వేరే దారి లేదు. ఆయన గొంతు పట్టిన మైకులోనే, ఎక్కడో దూరం నుంచి పడింది. అంటే ఈ హాల్లోనే, ఆయనకి వెనకవైపు నుంచి ఎవరో..."

చూపిద్దామని ఎత్తిన వేలు గాల్లోనే ఆగిపోయింది. అది మెట్ల కింది గదివైపు ఉంది.

అంతలో టేపులోంచి దగ్గు వినిపించింది.

ఆడమనిషి దగ్గు. లోపలెక్కడో ఈల వేస్తున్నట్టు... ఆగి, మళ్ళీ వస్తూ. ఇది పాటకి ముందుండే ముక్క. రికార్డులో కోసేసినది.

తరవాత పాటాయన గొంతు. మైకుకి దూరంగా, విసుగ్గా.

"చెప్పానా లేదా? నీ దగ్గంతా టేపులో పడుతోంది. పాటయ్యేదాకా లోపలుండు."

గడియ పడిన చప్పుడు.

అడుగులు. కుర్చీ కిర్రుమంది. తీగ బిగించుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఆ తరవాత, జనాన్ని ఇన్నేళ్ళు ఏడిపించిన ఆ గొంతు బద్దలవుతూ పైకి లేచింది—

తలుపేసి వెళ్ళినదానా...

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చెవులాయన గిటారుని తగ్గించాడు. కంప్యూటర్లో పాటనీ విడదీసి తగ్గించాడు. వెనకున్న చప్పుడుని ఒక్కో గీతా పైకి తెచ్చాడు.

టక్...

"ఏమండీ..."

టక్ టక్...

"ఏమండీ, ఊపిరాడట్లేదు. కొంచెం... కొంచెం తియ్యండి..."

పాట ఆగలేదు. ఒక్కచోట మాత్రం గిటారు క్షణం సేపు తటపటాయించింది. దరువు పడేదాకా ఆగి, పడగానే దాన్ని అందుకుంది.

"ఆయన విన్నాడండీ," అన్నాడు చెవులాయన గుసగుసగా. "విని... తాళం కలుపుకున్నాడు."

టేపు తిరుగుతూనే ఉంది.

"పాపా... బంగారూ... అక్కడున్నావు కదూ? నువ్వు తియ్యమ్మా. గడియ పక్కకి లాగు... నీకు అందుతుంది... తియ్యి తల్లీ..."

"ఆపండి!"

అతను ఆపలేదు. వినడం మొదలుపెడితే ఆపలేని మనిషి. ముందుకి తిప్పాడు. తరవాతి పాటలో టక్ టక్ ఉంది, కానీ ఎడమెడంగా, గోటితో గీకినట్టు. ఆ తరవాత చివరి పాట. అందులో ఏమీ లేదు. ఎంత పెంచినా ఏమీ లేదు. రికార్డు మొత్తంలో అందరూ మెచ్చుకునే పాట అది. 'వెనక చిన్న చప్పుడైనా లేకుండా ఎంత ప్రశాంతంగా ముగించాడో!' అని చెవులాయన తనే ఒకప్పుడు పత్రికలో రాశాడట. అది గుర్తొచ్చి కాబోలు, పెదవి కొరుక్కున్నాడు.

"అబద్ధం," అంది ఆమె. "నేనప్పుడు మా అత్త దగ్గరున్నాను. ఇంట్లో లేని పిల్లని ఎవరైనా పిలుస్తారా? ఎవరిచేతో నటింపజేశాడు నాన్న. పాట కోసం."

"అయ్యుండొచ్చండీ."

ఊరుకోలేక మళ్ళీ అన్నాడు. "ఒక్క మాట. ఏమీ అనుకోకండి. ఈ గొంతుతో సహా బయటికి వస్తే... ఇక దీన్ని మించిన రికార్డు ఉండదండీ."

భయం భయంగానే ఉంది అతనికి. అయినా కళ్ళు మెరుస్తున్నాయి.

ఆమె విసురుగా లేచింది. "నేను ఆ గదిలోకి వెళ్తాను. గడియ పెట్టండి. మెషీను పక్కనున్న నాన్న మైకే, ఆ కుర్చీ దగ్గరే పెట్టి పట్టండి. లోపల్నుంచి కొడతాను, టేపులోలాగే పిలుస్తాను కూడా. ఆ చప్పుడూ ఈ చప్పుడూ ఒకటి కాదని మీ చెవులతో మీరే వింటారు."

"ఈ రాత్రప్పుడు ఎందుకండీ..."

"పెట్టండి గడియ."

అతను పెట్టాడు. కుర్చీ దగ్గర మైకు నిలబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పోల్చి చూసుకోవడానికి ఒక చెవిలో పాట కూడా పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు.

లోపల చీకటి, కంట్లో వేలు పెట్టినా కనపడనంత. మెట్టు నెత్తిని నొక్కుతోంది. ఆమె మెడ వంచి, వేళ్ళ కణుపులతో కొట్టింది.

టక్... టక్ టక్.

అంతే. తెలిసిపోయింది. వెంట్రుకవాసి తేడా కనిపెట్టే మనిషికి టేపుతో పోల్చుకోవాల్సిన పనేముంది?

"చాలండీ. తియ్యండి."

గడియ కదల్లేదు.

"ఏమండీ! చాలంటున్నాను కదా!"

హాల్లో చెవులాయన తల ఊపుతున్నాడు. చప్పుడు ఎంత స్వచ్ఛంగా పడుతోందో అనుకున్నాడు. ఆమె నటిస్తోందనుకున్నాడు. బాగా నటిస్తోందని కూడా అనుకున్నాడు. ఇంకొంచెం పెంచుకున్నాడు.

ఆమె అరచేతులతో బాదింది. మెట్ల సందుల్లోంచి దుమ్ము రాలి గొంతులో పడింది. దగ్గు వచ్చింది. ఎప్పుడూ జలుబైనా ఎరగని మనిషి, ఆగకుండా దగ్గింది. ఛాతీలో ఎక్కడో సన్నగా ఈల మొదలైంది.

"ఏమండీ... ఊపిరాడట్లేదు... కొంచెం తియ్యండి..."

తన నోట్లోంచి వచ్చిన ఆ గొంతు తనది కాదు, టేపులోది.

అప్పుడు... తలుపుకి అవతల, దగ్గరగా, ఏదో కదిలింది.

తలుపు కింద సన్నని సందులోంచి హాల్లో వెలుతురు పడుతోంది. ఆ వెలుతుర్లో ఇందాక లేని నీడ ఉంది. ఆమె నేలకి చెంప ఆనించి చూసింది.

చిన్న పాదాలు. చెప్పుల్లేవు. చలికి కాబోలు, ఒక పాదం మీద ఇంకో పాదం పెట్టుకుని నిలబడ్డాయి.

"ఎవరది?"

కదల్లేదు.

"ఎవరమ్మా? గడియ తియ్యమ్మా... పక్కకి లాగు... నీకు అందుతుంది..."

అవతల ఎవరో నోట్లో చాక్లెట్టు బిళ్ళని ఇటు బుగ్గలోంచి అటు బుగ్గలోకి దొర్లించుకుంటున్న చప్పుడు. పళ్ళకి తగిలి టిక్కుమంటోంది. తరవాత, సన్నగా—

"ఊహూఁ."

*

చెవులాయన చెవిలో పాట పూర్తయ్యాక వచ్చి గడియ తీశాడు. "అబ్బ! ఏం పలికిందండీ!" అంటూనే తీశాడు. నేల మీద పడున్న ఆమెని చూసేసరికి అతని పైప్రాణాలు పైనే పోయాయి. చంకల్లో చేతులేసి బయటికి లాగి, కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళు తాగించాడు.

"నటిస్తున్నారనుకున్నానండీ... నా మతి మండ..."

ఆమె ఊపిరి కూడదీసుకుంది. "విన్నారా?"

"విన్నాను. రెండూ ఒకటేనండీ. ఆ తలుపే." మెట్లవైపు ఒకసారి, వీధి తలుపువైపు ఒకసారి చూశాడు. గొంతు ఇంకా తగ్గించాడు. "ఇంట్లో మనిద్దరమే అనుకున్నాను. ఆ పాప ఎవరండీ?"

ఆమె నాలుక మీద తియ్యగా ఉంది. ఏమీ తినలేదు. అయినా తియ్యగా, నారింజ రుచిగా ఉంది.

అరికాళ్ళ కింద చల్లటి నేల గుర్తొచ్చింది. ముక్కుకి ఎదురుగా అదురుతున్న తలుపు గుర్తొచ్చింది. ఈ కుర్చీలోంచే గిటారు వాయిస్తూ నాన్న తన వంక చూసి, మంచిపిల్లవన్నట్టు కన్ను గీటడం గుర్తొచ్చింది. లోపల అమ్మ ఏడుస్తోందని తనకి తెలుసు. ఆట కాదని కూడా తెలుసు. అత్త దగ్గరికి పంపింది ఆ తరవాతే. తెల్లారి ఆ గదిలోంచి ఏం తీశాడో, ఎక్కడికి తీసుకెళ్ళాడో చెప్పగలిగినవాడు పోయాడు.

"పోలీసులకి చెబుదామండీ," అన్నాడు చెవులాయన. "పోనీ, ఆవిడ తరఫువాళ్ళు ఎవరైనా ఉంటే..."

పిన్ని. ఉంది. ఇన్నేళ్ళూ ఒక్క మాట కోసం తిరుగుతోంది.

ఆమె చాలాసేపు మెషీను వంక చూస్తూ కూర్చుంది. తల్లి వెళ్ళిపోలేదంటే, మరి గడియ దగ్గర నిలబడ్డది ఎవరని అడుగుతారు.

"చెరిపెయ్యండి," అంది.

"ఏమిటీ?"

"దగ్గు, మాటలు... అన్నీ చెరిపెయ్యండి. చప్పుడు ఉంచండి. జనానికి అదే ఇష్టం."

"అది మీ అమ్మగారి గొంతండీ. ఇంకెక్కడా లేదు. మళ్ళీ కావాలన్నా రాదు."

"చెరిపెయ్యండి."

అతను చెరిపాడు. కంపెనీ పని, తను మాత్రం ఏం చేస్తాడు? అలా అని తనకి తను చెప్పుకున్నాడు. ఒక్కొక్క మాట, ఒక్కొక్క ఊపిరి, పాట మీద గీత పడకుండా తీసేశాడు. చివరికి 'బంగారూ' అన్న మాట ఒక్కటి మిగిలింది. దాని దగ్గర అతని చెయ్యి లేవలేదు.

ఆమె చెయ్యి చాపి తనే నొక్కింది.

అసలు టేపుని చక్రం మీదినుంచి లాగి, ముద్దగా చుట్టి పొయ్యిలో పెట్టింది. అది ముడుచుకుపోతూ కాలుతుంటే చెవులాయన సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. వీధి చివరిదాకా వెనక్కి తిరిగి చూడలేదు. ఇక్కడిదాకా కథలో చెవులాయన చెప్పింది కొంత, విన్నవాళ్ళు పూరించుకున్నది కొంత.

*

కొత్త రికార్డు బయటికొచ్చింది. గొప్పగా ఆడింది. దరువు ఇంత స్పష్టంగా ఎప్పుడూ వినలేదన్నారు జనం. కొత్తగా ప్రేమించి కొత్తగా చెడిన పిల్లలంతా దాన్ని విని ఏడ్చి, ఆ తలుపేసి వెళ్ళిన మనిషిని కొత్తగా తిట్టారు.

మిగతాది పిన్ని చెప్పింది. ఒకేఒక్కసారి, అదీ ఎవరో పదేపదే అడిగితే.

ఒక సాయంత్రం పిన్ని మళ్ళీ ఆ గుమ్మంలోకి వచ్చింది. బాగా వంగిపోయింది. ఈసారి ఏ ప్రశ్నలూ వెయ్యలేదు. "ఒక్క రాత్రి పడుకుని వెళ్తానమ్మా. మా అక్క తిరిగిన ఇల్లు. ఇక నాకు ఓపిక లేదు వెతకడానికి," అంది.

ఈసారి ఆమె తలుపు వెయ్యలేదు. పిన్ని చేతిలో సంచి అందుకుంది. మేడ మీద తన మంచం పక్కనే పక్క వేసింది. చలేస్తుందేమోనని ఇంకో దుప్పటి తెచ్చి పాదాల దాకా కప్పింది. ఎంత మారిందో పిల్ల అనుకుంది పిన్ని. ఏడ్చింది కూడా కొంచెం.

దీపం ఆర్పాక ఆమె రికార్డు పెట్టింది. పిన్నికి ఆ గొంతంటే ఒళ్ళు మంట. అయినా పరాయి ఇల్లు, ఏమీ అనలేక అటు తిరిగి పడుకుంది.

తలుపేసి వెళ్ళినదానా...

టక్... టక్ టక్.

పాట అయింది. తరవాతి పాట మొదలైంది. పిన్నికి కునుకు పట్టబోతూ మెలకువొచ్చింది. ఏమిటో తేడాగా ఉంది. పాట మారింది కానీ దరువు మారలేదు. పైగా అది రికార్డులోంచి రావట్లేదు. మంచం కోళ్ళలోంచి వస్తోంది... నేలలోంచి... మెట్లలోంచి...

"అమ్మాయ్," అంది మెల్లగా. "కింద ఎవరో తలుపు కొడుతున్నారే."

"ఊఁ."

"నీకూ వినపడుతోందా?"

"ఇప్పుడు రోజూ వినపడుతోంది పిన్నీ."

పిన్ని లేచి కూర్చుంది. చెవి ఒగ్గింది. కొట్టడం ఆగి, దగ్గు వచ్చింది. చివర్లో ఈల వేసే దగ్గు. చిన్నప్పుడు ఒకే దుప్పటి కింద పడుకుని, ఆ ఈల వింటూనే కదా తను నిద్రపోయింది!

"అది మా అక్కే! అక్కా! ఉండు... వస్తున్నా..."

చీకట్లో తడుముకుంటూ మంచం దిగింది. ఒక్క అడుగు పడిందో లేదో, మణికట్టు దగ్గర ఒక చెయ్యి పట్టుకుంది. ఇనప గొలుసులా పట్టుకుంది.

"వదలవే! ఊపిరాడట్లేదంటోంది... నీకేం వచ్చింది? వదులు! గడియ తియ్యాలి..."

ఆమె మంచం అంచున కూర్చునుంది. కాళ్ళు కిందికి వేలాడేసి, ఒక పాదం మీద ఇంకో పాదం పెట్టుకుని. ముఖం కనపడలేదు. వినపడిన గొంతు మాత్రం అద్దాలు అరగదీసే ఆవిడది కాదు.

"పాటయ్యేదాకా తియ్యొద్దన్నాడు నాన్న."

పిన్ని గింజుకుంది. గోళ్ళతో రక్కింది, కొరికింది, బతిమాలింది. వయసైపోయిన చెయ్యి, ఎంతని లాక్కుంటుంది? రికార్డు తిరుగుతోంది. కింద చప్పుడు ఎడమెడమైంది... గోటితో గీకినట్టైంది... చివరి పాట మొదలైంది. మెత్తగా, నెమ్మదిగా, ఎక్కడా తొందర లేకుండా సాగింది.

పాట అయిపోయింది. ముల్లు పైకి లేచింది.

అప్పుడు ఆమె చెయ్యి వదిలేసి, "ఇప్పుడు వెళ్ళి తియ్యి పిన్నీ," అంది.

కింద చప్పుడు ఆగిపోయి అప్పటికే చాలాసేపయింది.